వాల్వ్ తీసేస్తే బండి చల్లబడుతుందా? కొండెక్కే ముందు కూలింగ్ కబుర్లు

గిరి: అందరికీ నమస్కారం. పోయిన వారం చెప్పినట్టు, ఎండాకాలంలో తిరుమల కొండెక్కే ముందు బండి కూలింగ్ సిస్టంలో ఏమేం చూసుకోవాలో ఈరోజు మాట్లాడుకుందాం. మన టాక్సీ శీనన్న రేణిగుంట ట్రిప్పు ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చాడు.

శీను: నమస్కారమప్పా. ముందే చెప్తున్నా, బోరు నీళ్ళ సంగతి ఈరోజు వదిలేది లేదు.

గిరి: వద్దాం అన్నా, దాని దగ్గరికీ వద్దాం. ముందు అసలు విషయం. బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం జబ్బు దొరికినట్టే. అలిపిరి దగ్గర క్యూలో నిలబడినప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోయి, బండి కదిలి గాలి తగలగానే దిగిందంటే ఫ్యాన్ వైపు చూడాలి. మోటారు, రిలే, ఫ్యూజు, సెన్సర్, ఇవన్నీ. బానెట్ ఎత్తి ఏసీ వేయండి, చాలా బండ్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. అదే నాయుడుపేట రోడ్డులో 80 మీద పోతుంటే వేడెక్కిందనుకోండి, ఫ్యాన్‌ను తిట్టి లాభం లేదు. ఆ స్పీడులో గాలి ఎలాగూ తగులుతుంది. నీళ్ళు సరిగ్గా తిరగట్లేదని అర్థం. రేడియేటర్ చోక్ అయి ఉండొచ్చు, వాటర్ బాడీ, అంటే నీళ్ళు తిప్పే పంపు పోయి ఉండొచ్చు, ఇంజన్ వేడెక్కాక నీళ్ళను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్ పట్టేసి ఉండొచ్చు...

శీను: ఆ వాల్వ్ తీసి పక్కన పెడితే సరి. మన ఎండలకు అదెందుకు?

గిరి: అన్నా, వద్దు.

శీను: వద్దేంది? నేను టాక్సీ పట్టినప్పటి నుంచి చూస్తున్నా, సగం బండ్లకు వాల్వ్ లేదు. అవన్నీ కొండెక్కుతున్నాయి, దిగుతున్నాయి. చలిదేశాల్లో ఇంజన్ తొందరగా వేడెక్కాలని పెట్టారు దాన్ని. ఇక్కడ మే నెలలో బండి నీడన ఉన్నా వేడిగానే ఉంటుంది కదా.

గిరి: బండి వేడి వేరు, ఇంజన్ వేడి వేరు అన్నా. బయట 42 డిగ్రీలు ఉన్నా ఇంజన్‌కు అది చల్లదనమే, దానికి కావాల్సింది 90 చుట్టుపక్కల. వాల్వ్ లేకపోతే ఆ వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, పొద్దున్నే హైవే మీదైతే ఒక్కోసారి చేరనే చేరదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది. ఆయిల్లో చేరిన తేమ ఆవిరై పోదు. ముల్లు లేకుండా, ఇంజన్ చల్లగా ఉందని చెప్పే నీలం లైటు మాత్రమే ఉన్న బండ్లలో ఆ లైటు ఎంతసేపటికీ ఆరకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. వాల్వ్ తీసేసి ఉండాలి, లేదా తెరుచుకున్నట్టే ఇరుక్కుపోయి ఉండాలి.

శీను: మైలేజీ కొంచెం పోతే పోనీ. ఘాట్‌లో ఆగిపోతే వెనక బస్సులు హారన్ కొడుతుంటే తెలుస్తుంది ఆ టెన్షన్. పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదని రూలు, దిగేటప్పుడు 40. ఆ లెక్క ప్రకారం నింపాదిగా సెకండ్ గేర్, థర్డ్ గేర్‌లో ఎక్కుతుంటే ఇంజన్ మీద బరువు ఎక్కువ, తగిలే గాలి తక్కువ. వాల్వ్ తీస్తే నీళ్ళు అడ్డం లేకుండా తిరుగుతాయి. ఇందులో తప్పేముంది?

గిరి: తప్పు అక్కడే ఉంది. చాలా ఇంజన్లలో ఆ వాల్వ్‌కు అడుగున ఇంకో చిన్న పళ్ళెం ఉంటుంది. పై దారి తెరుచుకునేకొద్దీ ఆ పళ్ళెం బైపాస్ దారిని మూస్తుంది. నువ్వు వాల్వ్ తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. అలాంటి ఇంజన్ మామూలు రోడ్డు మీద చల్లగా తిరిగి, సరిగ్గా ఘాట్‌లోనే వేడెక్కుతుంది.

శీను: అన్ని ఇంజన్లకూ ఆ పళ్ళెం ఉందా?

గిరి: అన్నింటికీ లేదు. అందుకే ఎవరో బండికి తీస్తే బాగుంది కాబట్టి నీ బండికీ తీయమంటే ఒప్పుకోను. వాల్వ్ తీసేసిన ఆ నీలం వ్యాన్ సంగతి మనవాళ్ళు మర్చిపోలేదు.

శీను: నీలం వ్యాన్ ఇప్పుడెందుకు తెస్తావు! దాంట్లో పోసింది బోరు నీళ్ళు. తెల్లటి గార కట్టి పైపు సగం మూసుకుపోయింది. నేను చెప్పేది అదే, మన జిల్లాలో బోరు నీళ్ళు రేడియేటర్‌లో పోయడమంత పాపం లేదు.

గిరి: అన్నా, ఇప్పుడు నువ్వే చెప్పావు. గార కట్టి రేడియేటర్ మూసుకుపోయింది, బండి వేడెక్కింది, షాపులో వాల్వ్ తీశారు, నాలుగు రోజులు చల్లబడింది. అసలు జబ్బు గార, తీసింది వాల్వ్. ఆ గార లోపల పెరుగుతూనే ఉంటుంది.

శీను: ...అది నిజమేలే. కానీ షాపుకు పోతే రేడియేటర్ మార్చాలంటారు, అప్పటికప్పుడు అంత డబ్బు యాడుంటుంది? వాల్వ్ తీయడానికి అరగంట, చేతి కూలి. డ్రైవర్ ఏం చేస్తాడు? సాయంత్రానికి ట్రిప్పు ఉంటుంది కదా.

గిరి: డ్రైవర్‌ను నేనేమీ అనట్లేదన్నా. తీసిన సంగతి చెప్పకుండా పంపించేవాళ్ళ మీదే నా కోపం. ఆ మధ్య మొగిలి ఘాట్ నుంచి ఒక బండిని కట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. పెళ్ళివాళ్ళ బండి. ఇంజన్ మరీ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగినా ముహూర్తానికి అందాలని ఆపలేదట. ఇంజన్ పై భాగం, హెడ్ అంటామే, అది వంగిపోయింది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే అడుగున మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది, అంటే నీళ్ళు ఆయిల్లో కలిశాయి. హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ మార్చి, హెడ్‌ను మళ్ళీ చదునుగా చేసే ఫేసింగ్ పట్టించాల్సి వచ్చింది. విప్పి చూస్తే వాల్వ్ లేదు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఆ బండాయనకే తెలియదు. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని, ఈ బండి మీదే ఇల్లు నడుస్తోంది సార్ అన్నాడు. ఆ రోజు నాకు భోజనం సయించలేదు.

శీను: ...

గిరి: ఎర్ర లైటు వస్తే ఆపేయండి. ముహూర్తమైనా, దర్శనం టైమైనా.

శీను: ఆపేసి వెంటనే రేడియేటర్ క్యాప్ తిప్పొద్దు. అది నేను చెప్తా. మా స్టాండులో ఒకాయన ముఖం, చెయ్యి కాల్చుకున్నాడు. గుడ్డ వేసి తిప్పినా అంతే, లోపల ఒత్తిడి ఉంటుంది.

గిరి: ఆ ఒత్తిడి కావాలనే పెట్టిందన్నా. క్యాప్ మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది బార్ లెక్క. 0.9 క్యాప్ గట్టిగా పట్టి ఉంటే ఉత్త నీళ్ళు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. అందుకే రబ్బరు చిట్లిన పాత క్యాప్‌తో కొండెక్కితే, మిగతావన్నీ బాగున్నా పొంగుతుంది. తక్కువ ఖర్చులో అయ్యే రిపేరు అది, ముందు దాన్నే చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయండి.

శీను: ముల్లు పైకి పోతున్నప్పుడు ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెడితే కొంత దిగుతుంది. లోపల కూర్చున్నవాళ్ళు తిడతారు, అయినా పెట్టాలి. ఇంకొకటి, దిగేటప్పుడు కాలిన వాసన వస్తే చాలామంది ఇంజనే అనుకుంటారు. అది బ్రేకులు. గేర్ తగ్గించుకుని దిగాలి. కూలెంట్ కారి కాలితే వాసన తియ్యగా ఉంటుంది, తేడా తెలిసిపోతుంది.

గిరి: సరే, వాల్వ్ బాగుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. విప్పిన వాల్వ్‌ను తీగతో కట్టి నీళ్ళ గిన్నెలో వేలాడదీయాలి, అడుగు తగలకూడదు. పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించండి. వాల్వ్ మీద ఒక అంకె కొట్టి ఉంటుంది, 82 అనుకోండి. 80 దాకా ఏమీ కదలదు. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఉన్న పళ్ళెం అంచున సన్నటి సందు కనబడుతుంది, లోపలి మైనం కరిగి వ్యాకోచించి స్ప్రింగును నెడుతుందన్నమాట. 95కు పూర్తిగా తెరుచుకోవాలి. స్టవ్ ఆపితే మెల్లగా మళ్ళీ మూసుకుంటుంది. నీళ్ళు తెర్లుతున్నా కదలకపోతే పారేసి కొత్తది వేయండి. బిగించేటప్పుడు చిన్న పిన్ను ఉంటే అది పైకి రావాలి, గాలి అందులోంచే పోతుంది.

శీను: ఆ గిన్నెలో కూడా బోరు నీళ్ళు పోయొద్దు.

గిరి: గిన్నెలో పోయొచ్చన్నా! రేడియేటర్‌లోనే వద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. కలిపి అమ్మేది కొంటే ఇంకేమీ కలపనక్కర్లేదు. రంగు చూసి కొనొద్దు, ఆకుపచ్చ అయితే ఒక రకం, ఎరుపు అయితే ఇంకో రకం అని అన్ని కంపెనీలకూ ఒకే లెక్క లేదు. బండి పుస్తకంలో ఏ రకం రాశారో అది పోయండి.

శీను: మా స్టాండులో అయితే రంగు చూసే పోస్తారు.

గిరి: తెలుసు, దాని గురించి ఒక ఎపిసోడే చెయ్యాలి. ఇంతకీ నీ బండికి వాల్వ్ ఉందా?

శీను: కొన్నప్పుడు ఉండింది.

గిరి: ఇప్పుడు?

శీను: చూడాలి. నీలం లైటు ఆరడానికి చానాసేపు పడుతోంది, అది మాత్రం నిజం.

గిరి: ఆదివారం తీసుకురా. రేడియేటర్ కూడా విప్పి కడుగుదాం, గార ఎంత ఉందో నీ కళ్ళతో నువ్వే చూడు. ఇంజన్ చల్లగా ఉండాలి, పొద్దున ఏడుకల్లా రా.

శీను: ఏడుకు కొండ ట్రిప్పు ఉంది.

గిరి: అయితే శనివారం రాత్రే పెట్టేసి పో.

శీను: రాత్రి పెడితే పొద్దున ఆ ట్రిప్పుకు ఎవరి బండి తీసుకుపోను?

గిరి: నాది తీసుకుపో. వాల్వ్ ఉన్న బండితో కొండెక్కి చూడు.

శీను: డీజిల్ ఎవరు పోస్తారు?

గిరి: అది మైకు ఆపాక మాట్లాడుకుందాం అన్నా.