చిప్ పెడితే మా తమ్ముడు నడుస్తాడా సార్?

యాంకర్: నల్గొండ జిల్లా నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: నమస్తే సార్. మా తమ్ముడు తాడిచెట్టు ఎక్కినప్పుడు మోకు జారి పడ్డాడు. రెండేళ్లవుతోంది, నడుము కింద కదలిక లేదు. మెదడులో చిప్ పెట్టించుకున్న ఒకాయన చెస్ ఆడుతున్న వీడియో చూశాం. అది పెట్టిస్తానని హైదరాబాద్‌లో ఒకతను 12 లక్షలు అడుగుతున్నాడు. ఎకరం అమ్ముదామంటున్నాడు నాన్న.

డాక్టర్: ముందు ఆ అమ్మకం ఆపండమ్మా. ఆ వీడియో 2024లో అమెరికాలో న్యూరాలింక్ అనే కంపెనీ వాళ్లది. ఆయన మనసులో అనుకుంటే కంప్యూటర్‌లో బాణం గుర్తు కదిలింది. అంతే, ఆయన చేతులు కదల్లేదు.

కాలర్: మరి నడిచినవాళ్లు ఎవరూ లేరా సార్?

డాక్టర్: ఉన్నారు. నెదర్లాండ్స్‌కి చెందిన గెర్ట్-యాన్ ఓస్కామ్‌కి 2011లో సైకిల్ ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు కదపాలని మెదడు చెబుతూనే ఉంటుంది, ఆ మాట కిందికి చేరదు. స్విట్జర్లాండ్ డాక్టర్లు ఆయన తలలో రెండు పరికరాలు అమర్చారు. అవి అందుకున్న సంకేతాలను కంప్యూటర్ చదివి, నడుము దగ్గర వెన్నుపాముకి కరెంట్ అందించే ఇంకో పరికరానికి పంపుతుంది. 2023లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఊతకర్రలతో నడిచారు, మెట్లూ ఎక్కారు. ఆ తర్వాత మెషిన్ ఆపేసినా కర్రలతో కొన్ని అడుగులు వేయగలిగారు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది అదే. కానీ ఆయన వెన్నుపాము పూర్తిగా తెగలేదు. మీవాడికి కాళ్లలో స్పర్శ ఏమైనా ఉందా?

కాలర్: గిల్లినా తెలియదు సార్.

డాక్టర్: అలాంటప్పుడు ఆయన ఫలితమే మీవాడికీ వస్తుందని నేను చెప్పలేను. పైగా ఇది ఇంకా పరిశోధనే, డబ్బు కట్టి చేయించుకునే చికిత్స కాదు. మన దేశంలో మనుషుల మీద ట్రయల్, అంటే ఇలాంటి ప్రయోగం, చేయాలంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు కావాలి. ఆ నమోదు నంబర్ ఏదని డబ్బు అడుగుతున్న అతన్ని అడగండి. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. నంబర్ చెప్పకుండా అడ్వాన్స్ అడిగితే ఇక ఫోన్ ఎత్తకండి.

కాలర్: అయితే మేం ఏం చేయాలి సార్, ఊరికే చూస్తూ కూర్చోవాలా?

డాక్టర్: లేదమ్మా, చాలా పని ఉంది. రేపు ఏ పరికరం వచ్చినా బిగుసుకుపోయిన కీళ్లను కదిలించలేదు. రోజూ ఫిజియోథెరపీ చేయించండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నారా?

కాలర్: పగలు తిప్పుతాం. రాత్రి... అందరం పనికి పోయి అలసిపోతాం సార్. పిరుదు దగ్గర చిన్న పుండు అయింది. నొప్పి లేదంటాడు.

డాక్టర్: వాడికి నొప్పి తెలియదు కదమ్మా! నల్లబడిందా? వాసన, చీము, జ్వరం?

కాలర్: రెండు రోజుల నుంచి జ్వరం ఉంది.

డాక్టర్: ఇవాళే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి, రేపటి దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. దారిలో ఆ వైపు ఆనకుండా పడుకోబెట్టండి. మూత్రానికి గొట్టం వేసి ఉంటే, ఎప్పుడు మార్చారో అక్కడి డాక్టర్‌కి చెప్పండి.

యాంకర్: అమ్మా, ఫోన్ పెట్టేసి ముందు 108కి చేయండి. మా వాళ్లు సాయంత్రం మీకు ఫోన్ చేస్తారు.