పాలు కక్కే బిడ్డకు డబ్బా పాలు: నీళ్ళు ముందా, పొడి ముందా?

నమస్తే అండీ, అనంతపురంలో మా వంటింట్లోంచే మాట్లాడుతున్నా, మధ్యలో కుక్కర్ విజిల్ వస్తే ఏమనుకోకండి. మా వాడికి ఇప్పుడు అయిదో నెల. రెండో నెలలో తాగడం, కక్కడం, తాగడం, కక్కడం, ఇదే పని, నా భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉండేది.

ఏ డబ్బా వాడుతున్నావని అడగొద్దు, చెప్పను. పసిపిల్లల పాలపొడికి ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టమే ఉంది, అందుకే చూడండి, పేరు మీద కాగితం అంటించాను. ముందు ఇంకో మాట, తల్లిపాలు వస్తుంటే అవే పట్టండి, కక్కుతున్నాడని మాన్పించొద్దు. బరువు పెరుగుతూ హుషారుగా ఉంటే కక్కడం మనకు ఉతుకుడు పని పెంచుతుంది, అంతే, చాలామందికి ఏడాది లోపు తగ్గిపోతుంది. అదే ఆకుపచ్చగానో పసుపుపచ్చగానో కక్కినా, నెత్తురు కనపడినా, ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కినా, బరువు పెరగకపోయినా, ఉచ్చ తగ్గినా ఈ వీడియో ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సరే, డబ్బా. వెనక్కి తిప్పండి, 0-6 నెలలు అని ఉందా, తేదీ ఉందా, అంతే. కొన్నిటి మీద ఏఆర్ అని ఉంటుంది, అంటే కక్కడం తగ్గించే రకం, అందులో స్టార్చో, క్యారబ్ అనే గింజల జిగురో కలుపుతారు, పాలు చిక్కబడి కడుపులో నిలుస్తాయని. అది డాక్టరు చెప్తేనే. మా డాక్టరైతే మొదట డబ్బా మార్చనే లేదు, ఎంత పడుతున్నావమ్మా అన్నారు. కిలో బరువుకి రోజుకు సుమారు 150 మి.లీ. లెక్క, నేనేమో ఏడ్చినప్పుడల్లా పట్టేస్తున్నా! కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టమన్నారు, సగం దానికే తగ్గింది, తర్వాతే ఏఆర్ రాశారు. మా అవ్వ మేకపాలు పట్టమంది, పక్కింటావిడ సీసాలో రాగిపిండి కలపమంది. ఏడాది లోపు మేకపాలు వద్దు, పిండి సొంతంగా కలపొద్దు.

ఇక కలపడం. చేతులు కడిగాను, సీసా ఉడకబెట్టాను, మీకు తెలిసిందే. నీళ్ళు... మన వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది, కాచినా పోదు, అందుకే క్యాన్ నీళ్ళు. అలాగని క్యాన్ నీళ్ళు కాచకుండా పోయకండి. తెర్లేదాకా కాచి, మూత పెట్టి, అరగంట దాటకముందే వాడాలి, అంటే 70 డిగ్రీలకు తగ్గకూడదు, ఎందుకంటే పొడిలోనే క్రిములు ఉండొచ్చు. ఏఆర్ పొడులు కొన్ని అంత వేడిలో ఉండలు కడతాయి, వాటికి డబ్బా మీద ఎంత వేడి అని రాసుంటే అంతే.

ఇప్పుడు ఇది చూడండి, ఇక్కడే నేను బోల్తా పడ్డా. సీసా గట్టు మీద పెట్టాను, చేతిలో పట్టుకోలేదు. వంగి, గీతకి సూటిగా కన్ను పెట్టి 90 దాకా నీళ్ళు. నీళ్ళు ముందు! తర్వాత పొడి. నేనేం చేసేదాన్నంటే రాత్రి రెండింటికి, ఫోన్ లైట్లో, పొడి మూడు చెంచాలు వేసి, ఆ పైన 90 గీత దాకా నీళ్ళు పోసేదాన్ని. పొడి చోటు తీసుకుంటుంది కదా, నీళ్ళు తక్కువ పడేవి, పాలు అట్ల పిండిలా తయారయ్యేవి. పది రోజులకి వాడికి మేక పెంటికల్లా గట్టిగా వచ్చింది, ఎర్రబడిపోయి ముక్కేవాడు. డాక్టరు నా ఎదురుగానే కలిపి చూపించమ్మా అంటే కలిపాను, ఆయన సీసా చూసి ఒకటే మాట, నీళ్ళు ముందమ్మా. నీళ్ళు ముందు, పొడి తర్వాత, పాలు 90 గీత దాటినా పరవాలేదు, దాటాలి కూడా.

చెంచా ఆ డబ్బాలో వచ్చిందే వాడాలి, పాత డబ్బాది కాదు. నా డబ్బాకి 30 మి.లీ.కి ఒకటి, మీది చదువుకోండి. గుట్టగా వద్దు, నొక్కొద్దు, ఇదిగో కత్తి వీపుతో ఇలా సమానం చేయండి. పైకే లెక్కపెట్టండి, ఒకటి, రెండు... ఫోన్ మోగి లెక్క తప్పితే పారబోసి మళ్ళీ మొదలుపెట్టండి, అందాజాగా వద్దు.

మూత బిగించి, సోడా సీసాలా పైకీ కిందికీ ఊపకండి, నురగ వస్తుంది, ఆ గాలి కడుపులోకి పోయి మళ్ళీ కక్కుడే. కవ్వం తిప్పినట్టు అరచేతుల మధ్య తిప్పండి, ఇలా, కరిగేదాకా. చల్లార్చడానికి కుళాయి కింద పెడదామంటే ఏప్రిల్‌లో మా సింటెక్స్ నీళ్ళే కాగుతుంటాయి, అందుకే నేను గిన్నెలో కుండనీళ్ళు పోసి సీసా నిలబెడతా. మణికట్టు లోపల రెండు చుక్కలు, గోరువెచ్చగా తగలాలి. చిక్కటి పాలు రాకపోతే పీకకి సూదితో చిల్లు పొడవకండి, ఒక సైజు పెద్ద పీక కొనండి.

తల ఎత్తి పట్టండి, సగంలో ఆపి తేన్పు తీయండి. పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలా, చదునుగా, తల కింద దిండూ చీర మడతా ఏమీ వద్దు. నోరు పెట్టాక మిగిలిన పాలు గంట దాటితే పారబోయండి. అసలు ముట్టకపోయినా కలిపిన రెండు గంటల్లో పోవాల్సిందే, మన ఎండలకి ఇంకా ముందే.

ఇదిగో, తాగేశాడు. ఇంక వీణ్ణి భుజాన వేసుకుని అరగంట వరండాలో తిరగాలి, ఫోన్ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఆపేస్తున్నా.