గ్యాస్ ఆగితే కరెంటు లేదు, కరెంటు ఆగితే గ్యాస్ లేదు

నమస్కారం. 2021 ఫిబ్రవరి 15, తెల్లవారుజామున రెండు గంటలు కావస్తోంది. అమెరికాలోని టెక్సాస్ అంతా మంచుతో గడ్డకట్టుకుపోయి ఉంది. అక్కడి విద్యుత్ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ కంట్రోల్ రూములో, 60 హెర్ట్జ్ దగ్గర నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ (వాడకానికి ఉత్పత్తి చాలకపోతే పడిపోయే కొలత) 59.4 కిందికి జారింది. అక్కడే తొమ్మిది నిమిషాలు ఉంటే జనరేటర్లు వరుసగా వాటంతట అవే ఆగిపోతాయి. నాలుగు నిమిషాలు దాటిపోయాయి. ఆపరేటర్లు ఫీడర్ల (ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్ల) మీద ఫీడర్లు కోసి గ్రిడ్‌ను కాపాడారు. లేకపోతే గ్రిడ్ మొత్తం కుప్పకూలి, మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేది.

ఆ రాత్రి కోతలను నేను తప్పుపట్టను. నా బాధంతా అంతకుముందు జరగాల్సి ఉండి జరగని పని గురించే.

టెక్సాస్ కరెంటులో పెద్ద వాటా గ్యాస్‌తో నడిచే కేంద్రాలది. ఆ గ్యాస్ బావి నుంచి బయటికి రావాలన్నా, శుద్ధి కావాలన్నా, పైపుల్లో ముందుకు సాగాలన్నా చాలాచోట్ల మోటార్లకు, కంప్రెసర్లకు కరెంటే దిక్కు. చలికి బావుల్లో నీరు గడ్డకట్టి గ్యాస్ అప్పటికే తగ్గింది. దాని మీద, కోసిన ఫీడర్లలో కొన్ని ఈ గ్యాస్ కేంద్రాలకు వెళ్లేవే! వాటికి కరెంటు ఆపకూడదని విద్యుత్ సంస్థల జాబితాలో లేదు, ఎందుకంటే చాలామంది గ్యాస్ యజమానులు ఆ దరఖాస్తు పెట్టుకోలేదు. గ్యాస్‌కు ఒక నియంత్రణ సంస్థ, కరెంటుకు మరొకటి. ఇద్దరి పటాలనూ పక్కపక్కన పరిచి చూసినవారు లేరు.

45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలోనే 246 మంది చనిపోయారు. 2011 ఫిబ్రవరిలోనూ ఇలాంటి చలే వచ్చింది, యంత్రాలను చలికి సిద్ధం చేయండని కేంద్ర నియంత్రణ సంస్థలు నివేదిక రాశాయి. పదేళ్లు గడిచినా దాన్ని తప్పనిసరి చేయలేదు. ఇది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

చేయాల్సినవి కొన్ని చాలా చిన్న పనులు. విద్యుత్ కేంద్రంలో పీడనం కొలిచే సన్నని గొట్టం గడ్డకడితే చాలు, తప్పుడు రీడింగు వచ్చి యూనిట్టే ఆగిపోతుంది. దానికి వేడి తీగ చుట్టి, గాలి తగలకుండా కప్పితే సరిపోతుంది.

గ్యాస్ సరఫరా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కరెంటు పోతే స్విచ్చి వేసి తిరిగి ఇవ్వవచ్చు. ఊరి పైపుల్లో గ్యాస్ ఒత్తిడి పోతే మాత్రం ఇంటింటికీ మనిషి వెళ్లి వాల్వు మూసేయాలి, పైపుల్లోని గాలిని తోసేయాలి, మళ్లీ ప్రతి ఇంటికీ వచ్చి పొయ్యిలు, హీటర్లు సురక్షితంగా వెలుగుతున్నాయో లేదో చూడాలి. అందుకే కోతల పథకంలో గ్యాస్ కంప్రెసర్లను ఆసుపత్రులతో సమానంగా చూడాలంటాను.

టెక్సాస్ శాసనసభ 2021లోనే చట్టం చేసి, కీలక గ్యాస్ కేంద్రాలను పటంలో గుర్తించమంది. మంచిదే. అయితే బావులు కొత్తవి వస్తుంటాయి, ఫీడర్లు మారుతుంటాయి. మీ దగ్గర విద్యుత్, గ్యాస్ సంస్థల బహిరంగ విచారణ జరిగితే వెళ్లి అడగండి: ఆ జాబితాను చివరిసారి ఎప్పుడు సరిచూశారు? రెండు సంస్థల ఆపరేటర్లూ కలిసి ఎప్పుడు కసరత్తు చేశారు?