సార్, ఇవి మేడమ్‌కా? మగవాళ్ల హైహీల్స్ కథ

[టేబుల్ మీద చెప్పుల డబ్బా. రెండు చేతులు మూత తీస్తాయి. లోపల నల్ల హీల్స్.]

నమస్తే అండీ. ఈ డబ్బాలో ఉన్నవి మా ఆవిడవి కావు, నావే. రెండున్నర అంగుళాల బ్లాక్ హీల్. వీటికోసం కోఠిలో మూడు షాపులు ఎక్కి దిగాను. మొదటి షాపులో కుర్రాడు నవ్వుతూ అడిగాడు, "సార్, ఇవి మేడమ్‌కా? సైజెంత?" తొమ్మిది అన్నాను. ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి నా కాళ్లు చూశాడు. "మేడమ్ బాగా పొడుగా సార్?"

"అవును, పొడుగే" అన్నాను.

నాకే తమ్ముడూ అని ఒక్క ముక్క అనుంటే అయిపోయేది. డబ్బులు నావి, కాళ్లు నావి. అయినా నోరు పెగల్లేదు. లేని పొడుగు మేడమ్ ఒకావిడను అక్కడికక్కడ పుట్టించేశాను. బయటికొచ్చాక నామీద నాకే నవ్వొచ్చింది. ఆడవాళ్లవి అనుకునే వస్తువు ముట్టుకోవాలంటే మగాడికి ఒక సాకు కావాలి. ఈ వీడియో ఆ సాకు గురించే. మొదట హీల్ సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే దానికీ మొదట్లో ఒక సాకు ఉంది. మంచి గట్టి సాకు.

[గుర్రం పక్కన వేలాడే రికాబు, దగ్గరి నుంచి. అందులోకి మడమ ఉన్న బూటు దూరుతుంది.]

ఆ సాకు పేరు గుర్రం. పర్షియాలో, అంటే ఇవాళ్టి ఇరాన్‌లో, రౌతులు పరుగెత్తే గుర్రం మీద నుంచి బాణం వేసేవాళ్లు. కూర్చుని వేస్తే గురి కుదరదు. రికాబుల్లో కాళ్లు తన్నిపెట్టి, జీను మీంచి లేచి నిలబడాలి. ఆ ఊపులో పాదం ముందుకు జారితే మనిషి కింద, గుర్రం పైన. మడమ కింద ఎత్తైన దిమ్మ ఉంటే అది రికాబుకు అడ్డంగా తగులుకుంటుంది, కాలు జారదు. ఇవాళ్టికీ అమెరికా కౌబాయ్ బూట్లకు మడమ ఎత్తుగా ఉండేది ఇందుకే. అలా చూస్తే హైహీల్ మొదట ఒక రకం బ్రేకు.

[పాత పర్షియన్ జోడు బొమ్మ. కెమెరా మెల్లగా తోలు మీదికి వెళ్తుంది.]

కెనడాలోని టొరంటోలో బాటా షూ మ్యూజియం ఉంది. బడి తెరిచే ముందు మనకు నల్లబూట్లు అమ్మిన బాటాయే, ఆ కుటుంబమే పెట్టింది. 2015లో అక్కడ మగవాళ్ల హీల్స్ మీద ప్రత్యేకంగా ఒక ప్రదర్శన నడిపారు. ఆ మ్యూజియంలో 17వ శతాబ్దపు పర్షియన్ జోడు ఒకటి ఉంది. దాని తోలు మీద సన్నగా గరుకు గరుకుగా చుక్కలుంటాయి. అదెలా చేశారనుకున్నారు? గుర్రపు తోలు మెత్తగా ఉన్నప్పుడు దానిమీద ఆవగింజలు పరిచి నొక్కేశారు. గింజలు దిగినచోటల్లా గుంట. యుద్ధానికి వెళ్లే మగాడి చెప్పు, దానిమీద ఆవాలతో డిజైను! పోపులపెట్టెకూ ఫ్యాషన్‌కూ ఇంత దగ్గర చుట్టరికం ఉందని నాకైతే తెలీదు.

1599లో పర్షియా రాజు షా అబ్బాస్ యూరప్‌కు రాయబారులను పంపాడు. ఒట్టోమన్ తుర్కుల మీద పోరుకు తోడు కోసం. పొత్తు సంగతి ఎలా ఉన్నా, అక్కడి దొరలకు పర్షియన్ వేషభాషల మీద మోజు పుట్టింది. హీల్ వేసుకుంటే ఆ రౌతుల వీరత్వం తమకూ అంటుతుందనుకున్నారు. కొంత కాలానికి కింది వాళ్లూ వేసుకోవడం మొదలుపెట్టేసరికి దొరలు ఇంకాస్త ఎత్తు పెంచారు. పక్కింటివాడు కారు కొంటే మనం ఇంకో మోడల్ పెద్దది కొంటామే, అలాగన్నమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1630ల నాటికి యూరప్ ఆడవాళ్లు జుట్టు కత్తిరించుకుని, మగవాళ్ల టోపీలు పెట్టుకుని, పొగ గొట్టాలు కాల్చడం ఒక సరదాగా మొదలుపెట్టారు. ఆ వరసలోనే హీల్స్ కూడా వేసుకున్నారు. అంటే అప్పట్లో హీల్ వేసుకున్న ఆడపిల్లను చూసి "మగరాయుడిలా ఏమిటా చెప్పులు" అని పెద్దవాళ్లు సణుక్కునే ఉంటారు.

[14వ లూయీ చిత్రపటం. పైనుంచి కిందికి కెమెరా దిగి బూట్ల దగ్గర ఆగుతుంది.]

ఈయన ఫ్రాన్స్ రాజు 14వ లూయీ. 1701లో రిగో అనే చిత్రకారుడు వేసిన బొమ్మ, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అరవై దాటిన మనిషి. నీలి వస్త్రం మీద బంగారు పూలు, లోపల తెల్లటి బొచ్చు, భుజాల మీదికి దిగిన విగ్గు. ఆ వస్త్రాన్ని పక్కకు తీసి మరీ కాళ్లు చూపిస్తున్నాడు చూడండి. తెల్లటి మేజోళ్లు, ఒక పాదం ముందుకు. కింద ఎర్రటి మడమ. ఎర్రమడమ తన ఆస్థానంలో వాళ్లు తప్ప ఇంకెవరూ వేసుకోకూడదని 1670లలో ఆజ్ఞ కూడా వేశాడు.

ఈ బొమ్మలో గుర్రం ఎక్కడుంది? లేదు. సాకు పోయింది, హీల్ మిగిలింది. పైగా ఇప్పుడు అది ఎందుకూ పనికిరాకపోవడమే దాని గొప్ప. ఈ చెప్పులతో పొలం దున్నలేం, బురదలో నడవలేం. అంటే, నాకు ఆ అవసరం లేదు అని ఊరందరికీ చాటడం. మన దగ్గర తెల్ల ఖద్దరు మడత నలగకుండా తిరిగే పెద్దమనుషులున్నారు కదా, అదే లెక్క.

తర్వాత 18వ శతాబ్దంలో యూరప్‌లో కొత్త గాలి వీచింది. మగాడంటే తర్కం, పని, సాదా బట్ట. అలంకారం ఆడవాళ్ల వంతు. 1740 ప్రాంతానికి మగవాళ్ల కాళ్లకింద హీల్ పోయింది. ఆడవాళ్లకు మిగిలింది, దాంతోపాటు "మీకు ఎప్పుడూ సోకులే" అన్న ఎత్తిపొడుపు కూడా మిగిలింది. సోకు మొదలుపెట్టినవాడు తప్పుకున్నాడు, నింద మాత్రం వీళ్లమీద వేసిపోయాడు.

మధ్యలో 1970లలో ఒకసారి తిరిగొచ్చింది. ఇంట్లో నాన్నగారి పెళ్లికి ముందు ఫొటోలు ఉంటే తీసి చూడండి. బెల్‌బాటమ్ కింద బూటు ఎంత ఎత్తుందో.

[కూచిపూడి తెర. దాని మీదుగా ఇవతలికి ఒక పొడవాటి జడ జారుతుంది.]

ఇక మన సంగతి. మన దగ్గర హీల్ లేదు, కూచిపూడిలో ఉత్త పాదం, గజ్జెలు. కానీ ఆడవేషం వేసిన మగవాళ్ల విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూసినవాళ్లకు తెలుసు. ముందు మనిషి కనిపించదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ఆ తెర మీదుగా జడ వచ్చి పడుతుంది. అది సవాలు. నాతో సరితూగేవాళ్లు ఎవరైనా ఉంటే రండి అని. ఆ జడ వేసిన సత్యభామ తరతరాలుగా మగాడే, ఎందుకంటే కూచిపూడి భాగవతుల మేళాల్లో ఆడవాళ్లు ఉండేవాళ్లు కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ పాత్రతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు.

నాటకరంగంలో స్థానం నరసింహారావు గారు. 1902లో బాపట్లలో పుట్టారు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, ఇవన్నీ ఆయన వేసిన పాత్రలు. ఒకరు రాణి, ఒకరు కొడుకు వరసవాడి మీద మనసుపడ్డ మనిషి, ఒకరు నోరున్న వేశ్య. ముగ్గురికీ ఒకటే నడక పెడితే నాటకం పండదు. కొంగు జార్చుకునే తీరులోనే ఎవరెవరో తెలియాలి. 1956లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. సరిగ్గా చూస్తే ఇది వేషం కాదు, ఏళ్లతరబడి కూర్చుని నేర్చుకున్న విద్య.

[తిరుపతి గంగమ్మ జాతర. చీరలు కట్టుకుని, పూలు పెట్టుకున్న మగవాళ్లు.]

తిరుపతి గంగమ్మ జాతరకు వెళ్లండి. ఆడవాళ్లను చెరబడుతున్న పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందని కథ. అందుకే అక్కడ మగవాళ్లు మొక్కుకుని చీరకట్టి, సవరం పెట్టి, మల్లెపూలు ముడిచి వస్తారు. మీసం అలాగే ఉంటుంది. ఎవరూ నవ్వరు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీరకట్టి, గాజులు తొడిగి, మెడలో నిమ్మకాయల దండతో తెరమీదికి వస్తే థియేటర్లు ఈలలతో ఊగిపోయాయి. నేనూ వేశాను ఈల.

అదే చీరలో అదే మనిషి మర్నాడు బ్యాంకుకు వెళ్తే? జాతరలో దండం పెట్టినవాళ్లే ఫోన్ తీసి వీడియో తీస్తారు. అదండీ నా పాయింటు. మొక్కు ఉంటే సరే, నాటకమైతే సరే, కామెడీ అయితే మరీ సరే. ఊరికే, ఇష్టమై కట్టుకున్నాను అంటేనే చిక్కు.

ఈ చిక్కు మనుషుల చూపులోనే కాదు, చట్టంలోనూ ఉండేది. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవడం, వాళ్లు ఆడవాళ్ల బట్టలో, నగలో వేసుకుని వీధిలో కనిపిస్తే పట్టుకుని జైల్లో పెట్టడం దాని సారాంశం. వాళ్లు ఆడవేషం వేసుకున్న మగవాళ్లు కారు, అది వేరే సంగతి, కలిపేయకూడదు. కానీ చీర కట్టుకున్నందుకు జైలు అన్న మాట మాత్రం కాగితం మీద ఉంది. ఎప్పటిదాకా ఉందో తెలుసా? 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఈ చట్టం మాత్రం నూరేళ్లు దాటి బతికింది. ఈలోగా 2014లోనే సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నాల్సా తీర్పులో చెప్పింది, తాను ఎవరో బట్టల ద్వారా చెప్పుకోవడం కూడా భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని.

[వేదిక మీద ముగ్గురు డాన్సర్ల హీల్స్, దగ్గరి నుంచి.]

సాకు లేకుండా వేసుకునేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. 2019 ఆస్కార్లకు అమెరికా నటుడు బిల్లీ పోర్టర్ పైన కోటు, కింద నేలను ఊడ్చే గౌను వేసుకుని వచ్చాడు. ఫ్రాన్స్ డాన్సర్ యానిస్ మార్షల్ ఇంకో ఇద్దరితో కలిసి హీల్స్ మీదే ఆడి 2014లో బ్రిటన్స్ గాట్ టాలెంట్ అనే టీవీ పోటీలో ఫైనల్‌దాకా వెళ్లాడు. వీళ్లకైనా స్టేజీ ఉంది, కెమెరా ఉంది అంటారేమో. జర్మనీలో ఉండే మార్క్ బ్రయాన్ అనే అమెరికన్ ఇంజినీరు ఉన్నాడు. నడుం పైన చొక్కా, టై. నడుం కింద పెన్సిల్ స్కర్టు, హీల్స్. ఆడదానిలా కనిపించాలని కాదట, ఆ బట్ట నచ్చి వేసుకుంటాడట. నాకు ఆయనే ఎక్కువ నచ్చాడు. ఆ ముస్తాబులో పండగ లేదు.

[హీల్స్ వేసుకున్న మగ పాదాలు, గచ్చు మీద. తడబాటు.]

సరే, నా చెప్పుల దగ్గరికి వద్దాం. రెండో షాపులో 41 దగ్గర సైజులు ఆగిపోయాయి, నాకు 43 కావాలి. మూడోది షాపు అనడం కన్నా అరుగు అనాలి, చెప్పులు కుట్టే పెద్దాయన. ఈసారి నాకే అన్నాను. ఆయన తల ఎత్తలేదు. కాగితం కింద పరిచి, కాలు పెట్టమని, పెన్సిల్‌తో చుట్టూ గీశాడు. రెండో కాలు కూడా గీశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఎడమ కాలు కాస్త పెద్దది బాబూ మీకు. పాదం వెడల్పు. చీలమండకు పట్టీ పెడతా, లేకపోతే ముందుకు జారుద్ది" అన్నాడు. అంతే. పర్షియా రౌతు సమస్యే, ఈయన పట్టీతో తీర్చాడు.

వేసుకుందాం అనుకునేవాళ్లకు నాలుగు మాటలు. సూది మడమ జోలికి మొదటే వెళ్లొద్దు, అడుగు వెడల్పుగా ఉన్నదే తీసుకోండి. ఒంటి బరువంతా వేళ్ల మీదికి వస్తుంది కాబట్టి మనకు తెలీకుండానే మోకాళ్లు వంచేస్తాం, ఒంగి కోడిలా నడుస్తాం. మా ఆవిడ నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. తర్వాత తనే నేర్పింది, అడుగు చిన్నది, ముందు మడమ, వెనకే వేళ్లు, చూపు నేలమీద కాదు ఎదురుగా. పది నిమిషాలకు పిక్కలు లాగాయి. ఏళ్లతరబడి రోజూ వేసుకుంటే పిక్క కండరం పొట్టిదవుతుంది, కాబట్టి తీసేశాక కాళ్లు సాగదీయాలి. ఎనిమిదో రోజుకు వంటింటి నుంచి గేటుదాకా టీ గ్లాసు ఒలకకుండా నడిచాను. చూస్తే చిన్న విషయమే, నాకు మాత్రం పరీక్ష పాసైనట్టుంది.

[అపార్ట్‌మెంట్ మెట్లు. కెమెరా వెనక నుంచి.]

ఈ షాట్ తీస్తుంటే మా వాచ్‌మన్ వచ్చాడు. హీల్స్ చూసి, "షూటింగా సార్?" అన్నాడు. అవునని చెప్పేశాను. ఇంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, నేనూ మళ్లీ ఆ సాకే వాడుకున్నాను. ఈ వీడియోయే నా జాతర.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కోసం అవే వేసుకుని దిగాను. కెమెరా లేదు.

"ఇవాళ కూడా షూటింగా సార్?"

"కాదయ్యా, ఊరికే."

ఒక్క క్షణం నా కాళ్లవంక చూశాడు. "కింద మెట్టు తడిగా ఉంది సార్, ఇప్పుడే కడిగాను. చూసుకుని దిగండి" అని బకెట్టు పక్కకు జరిపాడు.