అంబాసిడర్ ముందద్దం రబ్బరు: ఏది కొనాలి, ఎలా బిగించాలి

నమస్కారం. అంబాసిడర్ మార్క్ ఫోర్ కారు ముందద్దం చుట్టూ ఉండే రబ్బరును, అంటే మన మెకానిక్కులు గ్లాసు బీడింగు అనేదాన్ని, ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. ఈ కారుకు దొరుకుతున్న రెండు రకాల రబ్బర్లను తెప్పించి, ఒకదాని తరువాత ఒకటి ఇదే కారుకు బిగించి, నీళ్ళు కొట్టి పరీక్షించాను. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు వైపు ఈ కార్లను ఇప్పటికీ శ్రద్ధగా చూసుకుంటున్నవారికి ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో, ఘాట్ రోడ్డు ఎలా దెబ్బతిన్నదో మీకు గుర్తుండే ఉంటుంది. అంతటి వాన కాకపోయినా, చిత్త, స్వాతి కార్తెల్లో ఒక సాయంత్రం గట్టిగా కురిస్తే చాలు, పాత కారు డాష్‌బోర్డు కింద నుంచి డ్రైవరు పాదాల మీదికి నీళ్ళు కారడం మొదలవుతుంది. కాబట్టి ఈ పని చిత్త కార్తె రాకముందే ముగించుకోవాలి. ఎండ ఉన్న రోజుల్లో చేస్తే మరొక సౌకర్యం కూడా ఉంది: కొత్త రబ్బరును కాసేపు ఎండలో పరిచి ఉంచితే మెత్తబడి, మూలల దగ్గర మొండికేయకుండా వంగుతుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ ఆధారంగా రూపుదిద్దుకున్న అంబాసిడర్ ఉత్పత్తి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడ కర్మాగారంలో 2014లో ఆగిపోయింది. మార్క్ ఫోర్ అయితే అంతకంటే చాలా పాతది. అది 1979లో వచ్చిన మోడల్. అందువల్ల ఇప్పుడు అంగళ్ళలో మనకు చూపించే రబ్బరు చిన్న తయారీదారులు కొత్తగా చేసినదైనా అయి ఉంటుంది, లేదా ఎన్నో ఏళ్ళుగా అటకమీద పడి ఉన్న పాత సరుకైనా అయి ఉంటుంది. ప్యాకెట్ విప్పలేదు కదా, కంపెనీ సరుకు కదా అని రెండో రకానికి ఆశపడవద్దు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.

ఇప్పుడు కెమెరాను దగ్గరకు తెస్తున్నాను, గమనించండి. ఇది కారు నుంచి తీసిన పాత రబ్బరు. తిన్నగా ఉన్న భాగంలో పెద్దగా పగుళ్ళు లేవు. మూల దగ్గర, వంపు తిరిగిన చోట, బొటనవేలితో కొద్దిగా వంచితే వెంట్రుకలంత సన్నని గీతలు వరుసగా తెరుచుకుంటున్నాయి. ఇది ఓజోన్ చేసే పని. గాలిలో ఎంత కొద్దిగా ఉన్నా ఓజోన్, సాగి ఉన్న సహజ రబ్బరును కోస్తుంది; లాగుడు లేని చోట ఈ పగుళ్ళు రావు. అద్దం రబ్బరు ఎక్కువగా సాగి ఉండేది మూలల్లోనే కనుక పగుళ్ళు అక్కడే మొదలవుతాయి, పైనుంచి జారిన నీరు వచ్చి నిలిచేదీ కింది మూలల్లోనే.

నేను తెప్పించిన మొదటి రబ్బరు ఇక్కడే ఒక విడిభాగాల అంగట్లో దొరికింది. నల్లగా నిగనిగలాడుతోంది, ధర తక్కువ. రెండోది మద్రాసులో కార్ల విడిభాగాలు అమ్మే జీపీ రోడ్డు నుంచి వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు రకం, ధర రెట్టింపు కంటే ఎక్కువ, చూడడానికి మాత్రం మసకగా ఉంది. మెరుపును చూసి మోసపోకూడదు. అడ్డంగా కోసిన ముక్కలను పక్కపక్కన పెట్టాను, చూడండి. ఈ రబ్బరు అడ్డుకోత ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉండాలి. ఒక గాడిలో అద్దం అంచు కూర్చుంటుంది, ఎదుటి గాడిలో కారు బాడీ రేకు అంచు కూర్చుంటుంది. చవక రకంలో రేకు కూర్చునే గాడి వదులుగా ఉంది, పెదవులు, అంటే గాడికి అటూ ఇటూ ఉన్న అంచులు, రేకును పట్టుకోవడం లేదు. ఈపీడీఎం రకంలో పెదవులు లోపలికి వంగి, వేలు పెట్టి తెరిచి వదిలితే వెంటనే మూసుకుంటున్నాయి. మీరు కొనేటప్పుడు తప్పక చేయవలసిన పరీక్ష ఇదే. వీలైతే పాత రబ్బరు ముక్కను వెంట తీసుకువెళ్ళి రెండు గాడుల వెడల్పునూ పోల్చి చూసుకోండి.

ఈపీడీఎం అణువుల ప్రధాన గొలుసులో ఓజోన్ తెంచగల జంట బంధాలు ఉండవు కనుక ఓజోన్‌కు, ఎండకు అది బాగా తట్టుకుంటుంది. అయితే పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బిపోతుంది. మన షెడ్లలో అద్దం సులువుగా జారాలని గ్రీజు పూయడం ఒక అలవాటు. దయచేసి పూయనివ్వకండి. సబ్బునీళ్ళు చాలు, లేకపోతే గ్లిజరిన్ వాడవచ్చు.

రబ్బరు గురించి ఇంత చెప్పాను గానీ, నీళ్ళు కారడానికి అసలు కారణం చాలా కార్లలో రబ్బరు కింద దాగి ఉంటుంది. అద్దం దించే ముందు మాకు టింకరింగ్ పని చేసిపెట్టే మేస్త్రీ అన్న మాట ఇది: "సార్, రబ్బరు ఎంత కొత్తదైతే ఏం లాభం, ముందు రేకు చూడాల." అద్దం దించాక కింది అంచు మీద స్క్రూడ్రైవర్ మొనతో తట్టితే పైకి బాగా కనిపించిన పెయింటు పొరలు పొరలుగా లేచింది, దాని కింద రేకు బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. ఇలాంటి అంచుకు ఎంత ఖరీదైన రబ్బరు తొడిగినా పట్టు దొరకదు. తుప్పును పూర్తిగా గీకి, తినేసిన చోట కొత్త రేకు అతికించి, ప్రైమర్ వేసి, పెయింటు బాగా ఆరిన తరువాతనే రబ్బరు తొడగాలి. లప్పం (పుట్టీ) పెట్టి అంచును సరిచేస్తామనేవారు ఉంటారు, ఒప్పుకోవద్దు. ఇక్కడ లప్పం నిలవదు. మీ దగ్గర ఉన్న డబ్బు పరిమితమైతే ముందు ఈ అంచు మీదనే ఖర్చు పెట్టండి అన్నది నా స్పష్టమైన అభిప్రాయం.

ఇక బిగించే పద్ధతి. ముందుగా వైపర్లు తీసేయాలి. రబ్బరును అద్దానికి చుట్టూ తొడగాలి, ఎక్కడా లాగి సాగదీయకూడదు. రెండు కొసలూ కలిపి అతికించుకునే రకమైతే అవసరం కంటే ఒక సెంటీమీటరు ఎక్కువగా కోసి, నొక్కి కూర్చోబెట్టాలి. కాలక్రమంలో రబ్బరు కుంచించుకుపోతుంది కనుక, అలా చేయకపోతే అతుకు నోరు తెరుస్తుంది. ఆ అతుకు మూలల దగ్గరకు రాకూడదు. తరువాత నాలుగైదు మిల్లీమీటర్ల మందం గల నైలాన్ తాడును రేకు గాడిలో చుట్టూ కూర్చి, రెండు కొసలూ కింద మధ్యభాగంలో ఒకదానినొకటి దాటేలా లోపలి వైపు వదలాలి. అద్దాన్ని బయటి నుంచి చట్రంలో ఆనించి, ఒకరు అరచేతులతో సమంగా నొక్కుతుండగా, లోపల కూర్చున్నవారు తాడును నిదానంగా లాగాలి. తాడు బయటికి వస్తున్నకొద్దీ లోపలి పెదవి రేకు అంచును దాటి ఇవతలికి వచ్చి కూర్చోవడం ఇక్కడ మీకు కనిపిస్తోంది. కొన్ని పాత కార్ల రబ్బరులో బయటి వైపు సన్నని బిగింపు పట్టీ కూడా ఉంటుంది. అలాంటిదైతే దాన్ని అన్నిటికన్నా చివర ఎక్కించాలి.

మూల దగ్గర తాడు ఆగిపోతే బలం పెట్టకండి. ల్యామినేటెడ్ అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం, దాని అంచు మీద ఒత్తిడి ఒకచోటే పడితే చీలిపోతుంది. అంచుల్లో నీరు నిలిచిపోతే ఆ పొర తెల్లగా పాలిపోయి గాజు నుంచి విడివడడమూ జరుగుతుంది. మీ కారులో ఉన్నది పాత టఫెండ్ అద్దమైతే, అంటే వేడిచేసి గట్టిపరిచిన ఒకే పలక అద్దమైతే, ఎలాగూ దించారు కనుక, ల్యామినేటెడ్ అద్దానికి మారడం మంచిదని నా సలహా. టఫెండ్ అద్దం పగిలితే ఒక్కసారిగా ముక్కలు ముక్కలై ముందున్న దారి కనిపించకుండా పోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఆ పరిస్థితి రాకూడదు.

సీలెంటు గురించి ఒక హెచ్చరిక. పులిసిన వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ వాడవద్దు. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వెలువడి రేకును తుప్పు పట్టిస్తుంది. ఇప్పటి కార్ల అద్దాలకు వేసే పాలీయురిథేన్ జిగురూ వద్దు, మళ్ళీ అద్దం తీయవలసి వస్తే రబ్బరూ పెయింటూ దానితోపాటే ఊడివస్తాయి. గట్టిపడని బ్యూటైల్ రకం పేస్టును బయటి పెదవి కింద సన్నగా వేస్తే సరిపోతుంది.

ఆ తరువాత నీటి పరీక్ష. పైపుతో ఒక్కసారిగా పైనుంచి కొడితే నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియదు. కింది అంచు నుంచి మొదలుపెట్టి, పక్కలకు, చివరికి పై అంచుకు నెమ్మదిగా వెళ్ళాలి. లోపల పొడి న్యూస్ పేపరు ముక్కలు పరిచి, టార్చి వేసి చూడాలి. చవక రబ్బరుతో, రేకు బాగుచేసిన తరువాత కూడా, ఎడమ కింది మూలలో పేపరు తడిసింది. ఈపీడీఎంతో అక్కడ పొడిగానే ఉంది గానీ, వైపర్ కడ్డీ దగ్గర ఒక చుక్క కనిపించింది. అది అద్దం రబ్బరు లోపం కాదు, ఆ కడ్డీ చుట్టూ ఉండే చిన్న రబ్బరు వాషరు అరిగిపోయింది. ముందద్దం పని పెట్టుకున్నప్పుడు ఆ రెండు వాషర్లనూ కొని దగ్గర పెట్టుకోండి, వైపర్లు ఎలాగూ బయటే ఉంటాయి కనుక అప్పుడే మార్చేయవచ్చు.