ఇరవై ఏళ్లు నిండితే ఊడదీసే గుడి

నమస్తే అండీ. జపాన్ వీడియో అనగానే సమురాయ్‌లు, సుషీ, బుల్లెట్ ట్రైన్ వస్తాయనుకుంటారు. ఇవాళ అవేవీ లేవు. ఒక గుడి గురించి చెబుతాను. షింటో అంటే జపాన్ వాళ్ల సొంత మతం. ఆ దేశంలో అన్నిటికంటే పవిత్రమైన షింటో ఆలయం ఇది. పేరు ఇసే జింగూ. ఇరవై ఏళ్లకోసారి దీన్ని ఊడదీసేస్తారు. పాడైపోయిందని కాదు, భూకంపం వచ్చిందనీ కాదు. గడువు నిండింది, అంతే.

మియె ప్రాంతంలో ఇసే అనే ఊళ్లో ఉంది. చిన్నా పెద్దా కలిపితే 125 ఆలయాలు, వాటిలో ముఖ్యమైనవి రెండు. లోపలి గుడిలో సూర్యదేవత అమతెరసు. చక్రవర్తి వంశానికి మూలం ఆమేనని జపాన్ వాళ్ల నమ్మకం. బయటి గుడిలో ఆమెకు ఆహారం సమకూర్చే దేవత తొయొఉకె ఉంటుంది. రోజుకు రెండుపూటలా నైవేద్యం పెడతారు. ఆ వంటకు ఇప్పటికీ కొయ్యను కొయ్యతో రాపాడించి నిప్పు పుట్టిస్తారు.

గుడి పక్కనే సరిగ్గా అంతే స్థలం ఖాళీగా వదిలేస్తారు. కొత్త గుడి అక్కడ లేస్తుంది. పూర్తయ్యాక ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, తెల్లటి పట్టు తెరల చాటున దేవతను పాత గుడి నుంచి కొత్త గుడికి తీసుకెళ్తారు. బయల్దేరే ముందు ఒక పూజారి కోడి కూసినట్టు మూడుసార్లు కూస్తాడు. అంత గంభీరమైన తంతులో కోడికూత! నాకైతే ఇందులో బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఆ తర్వాత పాత గుడిని విప్పేస్తారు. మొదటిసారి ఇలా చేసింది 690లో, జితో అనే మహారాణి కాలంలో. 2013లో జరిగింది 62వది.

మరి ఎందుకిలా? స్తంభాలను పునాది రాయి లేకుండా నేరుగా భూమిలో పాతుతారు, పైకప్పు గడ్డిది, కాబట్టి తొందరగా పుచ్చిపోతుందని కొందరంటారు. సరే, కానీ గట్టిగా కట్టడం వాళ్లకు రాక కాదు కదా! నారా దగ్గర హొర్యూజీ అనే బౌద్ధాలయం ఉంది. ప్రపంచంలో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అతి పాతవి అక్కడే ఉన్నాయి, దాదాపు 1300 ఏళ్లవి. అంటే ఇసేలో ఇలా కట్టడం కావాలని చేస్తున్న పనే. తండ్రి పనితనం కొడుక్కి అందాలంటే ఇరవై ఏళ్ల గడువు సరిపోతుందని ఇంకో మాట. చాలా వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి. నిజానికి 927 నాటి ఎంగిషికి అనే శాసన గ్రంథంలో ఇరవై ఏళ్లకోసారి కట్టాలని మాత్రమే ఉంది, కారణం రాయలేదు. సూర్యచంద్రుల లెక్కలు మళ్లీ కలిసే 19 ఏళ్ల చక్రం వల్ల ఈ గడువు పెట్టారని కూడా ఒక వాదన ఉంది. పూరీ జగన్నాథుడి నవకళేబరం గుర్తొచ్చిందా? అధిక ఆషాఢం వచ్చినప్పుడు అక్కడ దారు విగ్రహాలను మారుస్తారు. 1996 తర్వాత మళ్లీ 2015లో జరిగింది, సరిగ్గా 19 ఏళ్లు.

"1300 ఏళ్లుగా ఒక్కసారి కూడా ఆగలేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆగింది. 15వ శతాబ్దంలో అంతర్యుద్ధాలు మొదలయ్యాక లోపలి గుడిని 1462 తర్వాత మళ్లీ 1585లోనే కట్టారు. 123 ఏళ్ల విరామం! అప్పుడు రాజుల దగ్గర డబ్బు లేదు. మళ్లీ మొదలుపెట్టించింది ఎవరో తెలుసా? కెయికోఇన్ అనే మఠంలోని బౌద్ధ సన్యాసినులు. సెయిజున్ అనే ఆవిడ ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి 1563లో బయటి గుడి కట్టించింది. ఆమె తర్వాత వచ్చిన షుయో లోపలి గుడి పని అందుకుంది. దానికి అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి కూడా డబ్బిచ్చాడు. షింటో గుడిని బౌద్ధ సన్యాసినులు నిలబెట్టారన్నమాట. ఈ సంగతి ఎందుకో పెద్దగా ఎవరూ చెప్పరు.

ఇక కలప సంగతి. హినోకి అనే సువాసన ఉండే చెట్టు కావాలి, ఒకటీ రెండూ కాదు, పదివేలకు పైగా. ఎక్కువగా కిసో కొండల నుంచి వస్తాయి. 2033లో జరగబోయే 63వ నిర్మాణానికి 2025 జూన్‌లో నాగానో ప్రాంతంలోని అగెమత్సు అడవిలో మొదటి చెట్లు కొట్టారు. రంపం వాడరు. దాదాపు 300 ఏళ్ల మానును గొడ్డళ్లతో మూడు వైపుల నుంచి తొలుస్తారు. లోపల బోలుగా అయ్యేసరికి చెట్టు మూడు కాళ్ల మీద నిలబడినట్టు ఉంటుంది. "పడుకోబోతోందోయ్" అని కేకపెట్టి ఒక కాలు నరికేస్తారు. అనుకున్న వైపే పడుతుంది. తర్వాత ఆ చెట్టు చివరి కొమ్మనే తెచ్చి మొద్దులో గుచ్చి, కొండకు దండం పెడతారు. ఇలా కొడుతూ పోతే అడవి మిగలదని 1923లోనే గుడివాళ్లు 200 ఏళ్ల ప్రణాళిక వేసుకుని సొంత అడవి పెంచడం మొదలుపెట్టారు.

గుడితోపాటు దేవత సామాన్లు కూడా కొత్తవే. బట్టలు, విల్లులు, అద్దాలు, మొత్తం 1,576. వాటిలో ఒక కత్తి పిడికి తోకి అనే కొంగజాతి పక్షి ఈకలు చుట్టాలి. 1981లో జపాన్‌లో మిగిలిన చివరి అడవి తోకి పక్షులను, ఆ జాతి అంతరించిపోకుండా, పట్టి బోనుల్లో పెట్టాల్సి వచ్చింది. పనితనం ఉంటే చాలదు, పక్షి కూడా ఉండాలిగా!

జపాన్‌ను షోగన్లనే సైనిక పాలకులు ఏలిన 'ఎదో' యుగంలో (1603-1868) ఇసే యాత్ర అంటే జనానికి పిచ్చి. 1830లో కొన్ని నెలల్లోనే 40 లక్షల మందికి పైగా వచ్చారు. అప్పటి జనాభా చూస్తే అది దాదాపు ఏడెనిమిది మందిలో ఒకరు. యజమానికి చెప్పకుండా పనివాళ్లు, ఇంట్లో చెప్పకుండా పిల్లలు పారిపోయి వచ్చేవాళ్లు. యాత్రకు వెళ్లామంటే తిట్టేవాళ్లు కాదు. వెళ్లలేనివాళ్లయితే కుక్కను పంపేవాళ్లు! నిజమే. మెడలో గడ్డితాడు, చిన్న సంచిలో చిల్లర, ఎవరి తరఫున వస్తోందో రాసిన చీటీ కట్టేవాళ్లు. దారిలో జనం తిండి పెట్టి, ఆ సంచిలోంచే డబ్బు తీసుకుని, తర్వాతి ఊరికి దారి చూపేవాళ్లు. హిరోషిగే అనే చిత్రకారుడు వేసిన ఇసే యాత్ర చిత్రంలోనూ ఒక కుక్క ఉంది. ఇప్పుడు గుడి ముందు వీధిలో ఆ కుక్క బొమ్మలు అమ్ముతారు.

విప్పేసిన పాత కలపను పారేయరు. ముఖ్య స్తంభాలు లోపలి గుడికి వెళ్లే ఉజి వంతెన దగ్గర తోరి అనే గుడి ద్వారాలవుతాయి. మరో ఇరవై ఏళ్లయ్యాక వేరే ఊళ్లకు వెళ్లి అక్కడా ద్వారాలవుతాయి. మిగతావి దేశంలోని ఇతర గుళ్లకు పంచుతారు. ఖర్చు మాత్రం మామూలుగా లేదు. 2013లో దాదాపు 5,500 కోట్ల యెన్లయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం పైసా ఇవ్వకూడదు, కాబట్టి అంతా గుడి నిధులు, విరాళాలే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. మామూలు రోజుల్లో కంచెల అవతల నుంచి కప్పు మాత్రమే కనిపిస్తుంది. అయితే దేవత రాకముందు కొత్త గుడి చుట్టూ తెల్ల రాళ్లు పరిచే వేడుక ఉంటుంది. అప్పుడు మాత్రం మామూలు జనం రాయి పట్టుకుని గుడి దగ్గరి దాకా వెళ్లొచ్చు. గతసారి అది 2013 వేసవిలో జరిగింది, ఊరివాళ్లతోపాటు బయటివాళ్లకూ అవకాశం ఇచ్చారు. ఈసారి 2033లో.