హారతి వేళ వినిపించే మంత్రం

శ్రోతలకు నమస్కారం.

పూజ చివర కర్పూరం వెలిగించి హారతి ఇచ్చేటప్పుడు చాలా గుళ్లలో, ఇళ్లలో పురోహితులు ఒక మంత్రం చదువుతారు. "న తత్ర సూర్యో భాతి న చంద్రతారకం, నేమా విద్యుతో భాంతి కుతోఽయమగ్నిః, తమేవ భాంతమనుభాతి సర్వం, తస్య భాసా సర్వమిదం విభాతి." గంట మోతలో మాటలు సరిగా వినపడవు. హారతి కళ్లకద్దుకునే తొందరలో అర్థం మీదికి మనసు పోదు. కఠోపనిషత్తులో, ముండకంలో, శ్వేతాశ్వతరంలో మూడుచోట్లా ఉన్న మంత్రమిది. అక్కడ సూర్యుడు వెలగడు, చంద్రుడూ చుక్కలూ వెలగవు, మెరుపులూ వెలగవు, ఇక ఈ నిప్పెంత? అది వెలుగుతుంటే దాని వెంటే తక్కినవన్నీ వెలుగుతున్నాయి. చేతిలో మంట పట్టుకుని "ఈ నిప్పెంత" అని ఆ దేవుడికే విన్నవించుకోవడం ఎంత గొప్ప సంగతో చూడండి. నీ వెలుగే నీకు చూపిస్తున్నాం స్వామీ అని ఒప్పుకోవడమే హారతి.

అయితే సూర్యకోటి సమప్రభ అనగానే కళ్లు చెదిరే పెద్ద దీపాన్ని ఊహించుకుంటాం. చాలామంది దారి తప్పేది ఇక్కడే. ఉపనిషత్తు చెప్పే వెలుగు కంటికి ఆనేది కాదు. మనకు ఏదైనా "తెలుస్తోంది" అంటామే, ఆ తెలివిడే ఆ వెలుగు.

బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి ఇదే అడుగుతాడు: మనిషి ఏ వెలుగుతో మసలుతాడు? సూర్యుడితో, అంటాడు ఋషి. పొద్దు గూకితే? చంద్రుడితో. చంద్రుడూ లేకపోతే? నిప్పుతో. నిప్పూ ఆరిపోతే? మాటతో. తన చెయ్యి తనకే కనపడని చీకట్లో కూడా ఎక్కడైనా గొంతు వినిపిస్తే మనిషి అటు నడుస్తాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో ఎన్నో వీధులు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. ఆ రాత్రులు గుర్తున్నవాళ్లకు ఈ నాలుగో జవాబు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మెట్ల మీద "ఎవరది?" అంటే "నేనే" అన్న పలుకే దారి చూపే దీపం. మాటా ఆగిపోతే? అప్పుడు ఆత్మే వెలుగు, అంటాడు యాజ్ఞవల్క్యుడు. వరస గమనించండి. ఒక్కో దీపం ఆరుతున్న కొద్దీ ప్రశ్న లోపలికి జరుగుతోంది.

గీత పదిహేనో అధ్యాయంలో రెండు శ్లోకాలు కలిపి చదవాలి. నా ధామాన్ని సూర్యుడు వెలిగించలేడు అంటుంది ఆరోది. సూర్యుడిలో, చంద్రుడిలో, అగ్నిలో ఉన్న తేజస్సు నాదే అంటుంది పన్నెండోది. మొదటిదే పట్టుకుంటే దేవుడు ఎక్కడో దూరాన ఉన్నట్టవుతాడు. రెండోదే పట్టుకుంటే కంటికి కనపడే ఎండే దేవుడైపోతాడు.

శంకరాచార్యుల దక్షిణామూర్తి స్తోత్రం ఈ లోపలి వెలుగునే ఒక కుండతో చెప్పింది. చిల్లులున్న కుండలో పెద్ద దీపం పెడితే వెలుగు ఆ చిల్లుల్లోంచి బయటికి ఎలా వస్తుందో, లోపలి జ్ఞానం కన్ను మొదలైన ఇంద్రియాల గుండా అలా వస్తుందని. పిల్లలతో కలిసి ఈ కుండ చేసి చూడండి. కాల్చిన కుండకు మేకుతో చిల్లు కొడితే పగులుతుంది. కుమ్మరికి ముందే చెబితే పచ్చికుండ మీదే బొటనవేలు పట్టేంత చిల్లులు ఐదు పెట్టి కాల్చి ఇస్తారు.

దీపం సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. కొత్త ప్రమిద నూనె తాగేస్తుంది. అందుకే ముందురోజు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైతడి పూర్తిగా ఆరాక నువ్వుల నూనె పొయ్యాలి. తడి మిగిలితే వత్తి చిటపటమంటుంది. మన సముద్రపు గాలికి వత్తులు కూడా చెమ్మ పడతాయి. ఒకపూట ఎండలో పెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచుకోండి. రెండు వత్తులు కలిపి పేని, కొస నూనెలో ముంచి పిండి, గోధుమగింజంత పైకి ఉంచాలి. అంతకన్నా ఎక్కువుంటే వత్తి పీల్చిన నూనె ఆవిరి పూర్తిగా కాలక పొగ లేస్తుంది, కుండ లోపల మసి పడుతుంది. తక్కువుంటే వత్తి నూనెలోకి జారి దీపం కొండెక్కుతుంది. దీపం ఆరిపోయింది అనడానికి నోరు రాక కొండెక్కింది అంటాం. సింహాచలం కొండ నీడన బతికేవాళ్లకు ఆ మాట మరీ దగ్గరది.

దీపం వెలిగించి, కుండ బోర్లించండి. అంచు కింద మూడు గులకరాళ్లు పెట్టడం మరవద్దు. గాలి కిందినుంచి పోయి చిల్లుల్లోంచి పైకి రావాలి. గదిలో లైట్లు ఆర్పి, ఫ్యాను ఆపితే గోడల మీద ఐదు వెలుగు మచ్చలు పడతాయి. దీపం ఒక్కటే. ఒక చిల్లుకు అట్టముక్క అడ్డం పెడితే ఆ మచ్చ మాయమవుతుంది, లోపలి దీపానికేమీ కాదు. కన్ను పోయినా, చెవి పోయినా మనిషిలో తెలివిడి తగ్గదన్న మాట అక్కడ కళ్లెదుట ఉంటుంది. కుండ పైభాగం బాగా కాలుతుంది, ఎత్తేటప్పుడు మందపాటి గుడ్డ వాడండి.

ఐదు చిల్లులూ మూసి, రాళ్లు కూడా తీసేస్తే గాలాడక కాసేపటికే దీపం కొండెక్కుతుంది. కుండ పోలిక అంతవరకే పనికొస్తుంది. గాఢనిద్రలో కన్నూ చెవీ అన్నీ మూతపడినా లోపలి వెలుగు ఆరదంటారు వేదాంతులు. పొద్దున లేచి "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాం కదా. ఏమీ తెలియలేదన్న ఆ సంగతి నీకెలా తెలిసింది అని వాళ్లు అడుగుతారు.

నమస్కారం.